జత లేనివి

రెండు కాళ్ళూ ఒక్క తీరుగా పుట్టినవాడికి తన కాళ్ళ గురించి ఆలోచించే అవసరం జన్మలో రాదు. దుకాణానికి వెళ్తాడు, ఏడో నంబరు అంటాడు, దూర్చుకుంటాడు, నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. ఆ భాగ్యవంతులతో మనకు పని లేదు. ఆ సందు చివరి పనిశాలకు వాళ్ళు వచ్చేవాళ్ళూ కాదు.

అక్కడికి వచ్చేవాళ్ళ కాళ్ళు వేరు. ఒకరికి ఒక కాలు పొట్టి. ఒకరికి మడమ నేలకు ఆనదు. ఇంకొకరికి వేళ్ళుండాల్సిన చోట వేళ్ళు లేవు. వాళ్ళందరికీ జోళ్ళు చేసేది పెద్దమేస్త్రి. ప్రతి మనిషికీ ఆ మనిషి పాదాల్లాంటివే రెండు కొయ్య అచ్చులు చెక్కి, వాటి మీద తోలు బిగించి కుట్టేవారు. ఎక్కడ నొక్కుతోందో చెబితే అచ్చును ఆకురాయితో అరగదీసేవారు. మళ్ళీ వేసి చూడమనేవారు. మళ్ళీ అరగదీసేవారు. ఒక్కో పాదం కుదరడానికి ఏళ్ళు పట్టేది.

పెద్దమేస్త్రికి ఒకటే లోపం. పేర్లు నిలవవు. సొంత వియ్యంకుడి పేరు పెళ్ళిరోజునే మరిచిపోయిన ఘనుడాయన. కానీ గుమ్మం అవతల అడుగు చప్పుడైతే తల ఎత్తకుండానే మనిషిని గుర్తుపట్టేవారు. అందుకని గోడ మీద అచ్చుల్ని పేర్ల వరసలో కాక నడకల వరసలో వేలాడదీశారు. ఒక వరస ఈడ్పు నడక, ఒక వరస తూగు నడక, ఒక వరస ముంగాలి నడక, కిటికీ పక్కన బాతు నడక. ఏ మనిషివైనా అచ్చులు రెండూ ఒకే తాడుకు కట్టి ఒకే మేకుకు. జతను విడదీయడం ఆ ఇంట్లో మహాపాపం.

చిన్నకోడలు ఆ గోడ మీదకు మొదట అచ్చుగానే వచ్చింది, కోడలిగా ఆ తర్వాత. పుట్టుకతోనే ఆమె ఎడమ పాదం చిన్నది, లోపలికి ముడుచుకున్నది. కుడి పాదానికి ఏ వంకా లేదు. నడిస్తే టక్కు, సర్రు, టక్కు, సర్రు. పెద్దమేస్త్రి పెట్టిన పేరు కూడా అదే, టక్కుసర్రు. వెక్కిరింపు అనుకుని ఆమె మొదటిరోజు కోపంగా చూసింది. ఆయన మాత్రం అరుదైన రాగం విన్నవాడిలా తల ఊపుతున్నారు. ఇక ఆమెకు పెళ్ళీడు వచ్చాక, పెద్దమేస్త్రి చిన్నకొడుకు ఒక పూటలో కుట్టాల్సిన జోడును వారం పాటు కుట్టాడు, ఆమె రోజూ వచ్చి అయిందా అని అడగాలని. నోట్లో నాలుక లేని మనిషి. ఆ ఒక్కసారే తెలివి చూపించాడు.

ఆమెకు కంప్యూటర్‌లో బొమ్మలు గీసే పని వచ్చు. గోడకు చెదలు పట్టి కొయ్య పాదాల్ని తినడం మొదలుపెట్టినప్పుడు, ఒక్కొక్క అచ్చునూ స్కాన్ చేసి లోపలికి ఎక్కించింది ఆమే. గోడ ఎలా ఉందో ఫోల్డర్లూ అలాగే పెట్టింది. నడకకో ఫోల్డరు, దాని లోపల మనిషికో ఫోల్డరు, మనిషి లోపల రెండే ఫైళ్ళు, ఎడమ, కుడి. చెదపట్టిన కొయ్యంతా పొయ్యిలోకి పోయింది. మామగారి చేతులు వణకడం మొదలయ్యాక ఆకురాయి కూడా పనిముట్ల పెట్టెలోకి పోయింది. అప్పటి నుంచి ఆయన స్క్రీను మీద వేలు పెట్టి ఇక్కడ కొంచెం తియ్యి అనేవారు, ఆమె గీత జరిపేది. ఇప్పుడు ఆ పాదాలు లోకంలో ఇంకెక్కడా లేవు, ఆ కంప్యూటర్ పెట్టెలో తప్ప.

బావగారు, అంటే ఆమె భర్తకు అన్నగారు, చెడ్డవారంటే కళ్ళు పోతాయి. తండ్రి చేతులు ఆగిపోయిన నాటి నుంచి పనిశాలను లాక్కొస్తున్నది ఆయనే. ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగి, ఒక పెద్ద దుకాణం నుంచి రెడీమేడ్ జోళ్ళ పని సంపాదించుకొచ్చారు. స్కూలు పిల్లల నల్లజోళ్ళు. అన్నీ నంబర్లే, వంకర ఒక్కటీ లేదు. ఆయనకు నచ్చనిదల్లా కంప్యూటర్‌లో ఆ నడకల గోల. ఇవి ఫోల్డర్లా, బాతుల దొడ్డా అని నవ్వేవారు. పైగా డిస్కు నిండిపోయింది, కొత్త పనికి చోటు లేదు. కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉంటే, అన్నిటినీ నంబర్ల వారీగా సర్దే ప్రోగ్రాం ఒకటి రాసిపెట్టమన్నారు. ఆ కంప్యూటరాయన అడిగింది అడిగినట్టు రాసిచ్చాడు.

సెలవు రోజున, ఎవరూ లేనప్పుడు, బావగారు ఒక్కరే కూర్చుని ఆ ప్రోగ్రాంను నడిపారు. అది చెప్పిన మాట వినే రకం. ప్రతి పాదాన్నీ కొలిచింది. ఆరో నంబరుది ఆరులో వేసింది, తొమ్మిదిది తొమ్మిదిలో వేసింది. ఒకే మనిషి ఎడమ కాలు ఒక ఫోల్డరులోకీ కుడి కాలు ఇంకో ఫోల్డరులోకీ పోయాయి. ఆ తర్వాత అదే ప్రోగ్రాం, ప్రతి ఎడమకూ సరిపోయే కుడి ఉందా అని వెతికింది. ఎక్కడుంటుంది? అలా మిగిలినవన్నీ పోగేసి 'జత లేనివి' అని ఒక కొత్త ఫోల్డరులో కుప్ప పోసి, ఇవి తీసేయమంటారా అని మర్యాదగా అడిగింది. జత లేని జోడు ఎవరికి కావాలి? బావగారు సరే నొక్కారు. పక్కనే నకలు దాచే డిస్కు ఇంకోటి ఉండేది. అది మరీ విధేయురాలు. అసలులో ఏం పోతే తనలోనూ అది తీసేసుకుంటుంది, తీసేసుకుంది.

మర్నాడు పొద్దున చిన్నకోడలు వచ్చి చూస్తే స్క్రీనంతా శుభ్రం. ఒకటి, రెండు, మూడు అంటూ బుద్ధిమంతుల్లా ఫోల్డర్లు. పాతవి ఎక్కడికో జరిపి ఉంటారనుకుంది. బావగారు వెనకే నిలబడి, సాయంత్రంలోగా దుకాణం పని నమూనాలన్నీ కటింగ్‌కు వెళ్ళాలని తొందరపెట్టారు. ఆమె ఏడో నంబరు ఎడమ జోడు గీసి సేవ్ చేసింది. రెండోది మొదలుపెడుతుండగా గుమ్మం దగ్గర ధనక్, ధనక్ మని బరువైన అడుగు.

ఆవిడ బస్సు కండక్టరు. ఒకప్పుడు బస్సు చక్రం కింద కుడి పాదం ముందు భాగం పోయింది. పెద్దమేస్త్రి జోడు చేసిచ్చాకే మళ్ళీ ఉద్యోగంలో నిలబడింది, నిజంగానే నిలబడింది. ఆ జోడు ఇప్పుడు అడుగు విడిపోయి నోరు తెరుచుకుని ఉంది. కొత్తది కావాలని స్టూలు మీద కూర్చుంది. చిన్నకోడలు ఆవిడ ఫోల్డరు కోసం వెతికింది. ఈడ్పు నడక లేదు. తూగు నడక లేదు. బాతుల దొడ్డి లేదు. పేరు కొట్టి వెతికితే ఏమీ దొరకలేదని వచ్చింది. మళ్ళీ కొట్టింది. తన పేరు కొట్టింది. అదీ లేదు.

వెనక్కి తిరిగి బావగారిని అడిగింది. చెబుతున్నకొద్దీ ఆయన గొంతు తగ్గింది. చేసింది చెత్త ఊడ్వడం కాదని చెబుతున్నప్పుడే ఆయనకూ అర్థమైంది. అయినా వెంటనే తేరుకుని, దానికేముంది, అందర్నీ పిలిచి మళ్ళీ కొలతలు తీసుకుందాం అన్నారు. కండక్టరమ్మ తన పాదం వంక చూసుకుంది. కొలత అంటే టేపుకు అందేది. ఎక్కడ నొప్పి పుడుతుందో, ఎండాకాలం ఎంత వాస్తుందో, ఏ పక్కన అరగదీస్తే నిలబడగలదో టేపుకేం తెలుసు? అది తెలిసిన చేతులు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని వణుకుతున్నాయి.

చిన్నకోడలు కంప్యూటరాయనకు ఫోన్ చేసింది. ఆయన ముందు రెండుసార్లు అయ్యో అన్నాడు. తర్వాత, అది పాతకాలపు తిరిగే డిస్కేనా అని అడిగాడు. అవునంది.

"అయితే ఇంకా పోలేదమ్మా," అన్నాడాయన. "డిలీట్ అంటే పాదాన్ని చెరపదు, పాదం పేరు చెరుపుతుంది. లాడ్జిలో గుమాస్తా బోర్డు మీద పేరు తుడిచేశాడనుకో, గదిలో మనిషి ఇంకా నిద్రపోతూనే ఉంటాడు. కానీ బోర్డు ఖాళీగా కనపడుతోంది కదా, కొత్తగా ఎవడొచ్చినా ఆ గదిలోకే తోస్తారు. అప్పుడు పోతాడు. నేనొచ్చేదాకా ఆ పెట్టెలో ఏదీ సేవ్ చేయొద్దు. అసలు ఆన్‌లోనే ఉంచొద్దు. రేపొస్తా."

ఆమె ఫోన్ పెట్టేసి, వంగి, పెట్టె వెనక తీగ పీకేసింది. పక్కనున్న నకలు డిస్కు తీగ కూడా పీకేసింది. కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. వాటి ముందు కూర్చున్న పనివాళ్ళందరూ ఇటు చూశారు.

బావగారు ఏమైందన్నారు. చెప్పింది. ఆయన ముఖం తుడుచుకున్నారు. రేపంటే కుదరదన్నారు, నమూనాలు ఈ సాయంత్రం వెళ్ళకపోతే దుకాణంవాళ్ళు పనిని ఇంకొకరికి ఇచ్చేస్తారన్నారు, ఆ ఒక్క పనితో ఎన్ని ఇళ్ళు గడవాలో వేళ్ళు మడిచి చెప్పారు. ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది. తప్పు మాట్లాడేవాడితో పోట్లాడటం తేలిక.

"బావగారూ, ఈ పెట్టె ఇవాళ వెలగదు," అంది.

"అది వెలగకపోతే ఇంట్లో పొయ్యి వెలగదమ్మా."

"ఒక పూట పస్తుంటే ఎవరమూ చావం. ఆ పాదాల మీద ఇంకో జోడు రాస్తే మాత్రం అవి చస్తాయి."

ఆ ఇంట్లో బావగారికి ఎదురుచెప్పిన వాళ్ళు అంతకుముందు లేరు. ఆయన ఆమెతో వాదించడం మానేసి తండ్రి వైపు చూశారు. పెద్దమేస్త్రి, పెద్దకొడుకు అలసట చూశారో, తన చేతులే చూసుకున్నారో, మెల్లగా అన్నారు.

"పోనీలే అమ్మాయ్. నా చేత్తో చేసినవే కదా, నేనే పోనిమ్మంటున్నా. వాడి పని చెడగొట్టకు."

ఆ మాట ఆమె ఎదురుచూడలేదు. దన్నుగా ఉంటారనుకున్న మనిషే తప్పుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకునే తీరిక లేదు, రెండు చేతుల్లోనూ తీగ ఉంది.

"చేసింది మీరే, కాదనను మామగారూ," అంది. "కానీ వాటి మీద నడుస్తున్నది మీరు కాదు. పోనిమ్మనే హక్కు మీకూ లేదు."

కండక్టరమ్మ తెగిన జోడును ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. భర్త అటూ ఇటూ చూశాడు. అన్నను ఏమీ అనలేడు, భార్యను వద్దనలేడు. చివరికి లేచి తను కూర్చునే స్టూలును తెచ్చి ఆమె వెనక వేసి, మళ్ళీ వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ మనిషి జీవితంలో చేసిన తిరుగుబాటు అంతే. ఆమెకు అదే కొండంత అండ అయింది.

బావగారు చెప్పులు వేసుకుని విసురుగా బయటికి వెళ్ళారు. మూల దుకాణంలో తీగలకేం కరువు? ఆమెకు ఆ సంగతి ఆయన గుమ్మం దాటాక తట్టింది. చేతిలో తీగ పట్టుకుని కూర్చుంటే ఏం లాభం? ఒక్క క్షణం ఆలోచించి, బల్ల కిందికి వంగి, పెట్టెను పైకి లాగి, ఒళ్ళో పెట్టుకుంది. పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులూ చుట్టూ వేసింది. ఎన్నో ఏళ్ళ తోలు దుమ్ము ఆమె చీరంతా అయింది.

కొత్త తీగతో తిరిగొచ్చిన బావగారు ఆ దృశ్యం చూసి ఆగిపోయారు. ఏం చేస్తారు? తమ్ముడి భార్య ఒళ్ళోంచి పెట్టె లాక్కునే ధైర్యం ఏ బావగారికి ఉంటుంది? ముందుకు ఒకడుగు వేశారు, వెనక్కి ఒకడుగు వేశారు. తీగను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. మిషన్ల దగ్గర ఎవరో నవ్వు ఆపుకున్నారు.

"నీ మొండితనంతో అందరూ మునుగుతారు. ఎందుకమ్మా ఇదంతా? జత లేనివి కదా అవి?"

ఆమె పెట్టె దించకుండానే కాళ్ళతోనే జోళ్ళు విడిచి, ఒక్కోదాన్నీ ఆయన ముందుకు తోసింది. ఒకటి పొడుగ్గా నాజూగ్గా ఉంది. ఇంకోటి పొట్టిగా, ఒక పక్కకు ఎత్తుగా, గుండ్రంగా ఉంది. రెండింటి తోలూ ఒకటే, కుట్టూ ఒకటే, అరుగుదలా ఒకటే.

"చూడండి. ఇది ఐదు, ఇది ఏడు. ఇది జత కాదని నా ముఖం మీద చెప్పండి, తీగ పెట్టుకుందురుగాని."

ఆయన చూశారు. ఆ జోళ్ళు రోజూ కంటి ముందు తిరుగుతున్నవే. విడిగా నేల మీద పెట్టి చూడటం ఇదే మొదటిసారి. తీగను బల్ల మీద పెట్టి, దుకాణంవాళ్ళకు ఫోన్ చేయడానికి సందులోకి వెళ్ళారు. యంత్రం చెడిపోయిందని, ఒక్క రోజు కావాలని బతిమాలుకోవడం లోపలికి వినబడుతూనే ఉంది. వాళ్ళు నానా మాటలూ అని, రేపటికి ఒప్పుకున్నారు. అడగకముందు మాత్రం అది అసాధ్యం.

ఆ రోజు ఆ పెట్టె ఆమెతోనే ఇంటికి వెళ్ళి, మంచం మీద ఆమె పక్కనే పడుకుంది. మధ్యలో ఇదెవరని భర్త అడిగాడు, ఆమెకు పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వు వచ్చింది.

మర్నాడు కంప్యూటరాయన వచ్చి, పెట్టెలోంచి డిస్కు తీసి తన యంత్రానికి తగిలించాడు. చదవడమే తప్ప దాని మీద ఒక్క అక్షరం రాయనని ముందే మాట ఇచ్చాడు. కాసేపటికి ఒక్కొక్క పాదమే స్క్రీను మీదకు తేలింది. అయితే పేర్లు పోయాయి. ఏ నడకో, ఏ మనిషో, ఎడమదానికి కుడి ఏదో చెప్పే గుర్తు ఒక్కటీ మిగల్లేదు. అన్నీ అంకెలు తగిలించుకుని ఊరూపేరూ లేకుండా వచ్చాయి.

పెద్దమేస్త్రి కుర్చీ ముందుకు లాగించుకున్నారు. నిన్నటి మాట గురించి ఆయనా అనలేదు, ఆమే ఎత్తలేదు. స్క్రీను వైపు చూస్తూ, ఇది ఈడ్పు, పంపులు బాగుచేసే ఆయనది అన్నారు. ఇది బాతు, లెక్కల టీచరమ్మది. ఆమె పేర్లు రాసుకుంటూ పోయింది. జతలు వెతికే పనికి బావగారు కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు, తనే కూర్చున్నారు. ఒక ఎడమ పాదాన్ని తెరిచి, దాని కుడి కోసం వందల్లో వెతికి, దొరగ్గానే తండ్రికి చూపించి, అవునా అని అడిగేవారు. మొదట్లో పది సార్లు తప్పు పట్టుకున్నారు. మధ్యాహ్నానికి సగం వాటికి తండ్రి తల ఊపేసరికే పక్క ఫైలు తెరుస్తున్నారు. కండక్టరమ్మవి రెండూ దొరికాయి. ఆ కబురు ఫోన్లో చెబితే, ఆవిడ వెనక బస్సులో ఎవరో టికెట్ టికెట్ అని అరుస్తున్నా, రెండూనా అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

అన్నీ అయ్యాక ఒక కుడి పాదం మిగిలింది. ఏ వంకా లేని, ఏడో నంబరు కుడి పాదం. పెద్దమేస్త్రి చూసి టక్కు అని, ఆగిపోయారు. సర్రు లేదు.

కంప్యూటరాయన అటూ ఇటూ వెతికి, నకలు డిస్కునూ తగిలించి చూశాడు. రెండు చోట్లా ఆ గది ఖాళీ అనుకుని ఇంకొకరిని పెట్టేశారమ్మా అన్నాడు. ఎవరిని అని అడగక్కర్లేకపోయింది. నిన్న పొద్దున ఆమె గీసి సేవ్ చేసిన స్కూలు జోడు హాయిగా అక్కడ కూర్చుని ఉంది. ఊరందరి పాదాలకూ కాపలా కాసిన మనిషి తన పాదం మీద తన చేత్తోనే రాసుకుంది.

ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. దాచుకోలేదు. అది ఆమె పన్నెండో ఏట నుంచి పెద్దమేస్త్రి అరగదీస్తూ వచ్చిన పాదం. బావగారు లేచి నిలబడి, తప్పు నాదమ్మా అన్నారు. తర్వాత, పోనీ ఇప్పుడున్న జోడే జాగ్రత్తగా వాడుకుంటే కొన్నేళ్ళు వస్తుంది కదా అన్నారు.

ఆమె ముక్కు తుడుచుకుంది.

"ఎందుకు జాగ్రత్తగా వాడాలి? ఫైలు పోయింది గానీ కాలు నా దగ్గరే ఉంది."

పనిముట్ల పెట్టెలోంచి ఆకురాయి తీసింది. మూలనున్న కొయ్య దుంగల్లో ఒకటి ఎంచి బల్ల మీద పెట్టింది. అచ్చు చెక్కడం నీకెక్కడొచ్చని మామగారు అడగబోయి, తనే మానేసి, కుర్చీని ఇంకొంచెం దగ్గరికి జరిపించుకున్నారు. చేతులు పోతే పోయాయి, నోరుంది కదా, ఎక్కడ తీయాలో చెప్పడానికి. ఆమె ఎడమ జోడు విప్పి, ఆ ముడుచుకున్న పాదాన్ని అందరి ముందూ ఎత్తి స్టూలు మీద పెట్టింది. టేపు తీసి ఒక కొస తను పట్టుకుంది, రెండో కొస బావగారి వైపు చాపింది.

ఆయన తటపటాయించారు. వయసుకు పెద్దవాడు, వంగాల్సింది తమ్ముడి భార్య కాలి దగ్గర. మిషన్ల ముందు కూర్చున్నవాళ్ళంతా చూస్తున్నారు.

"కాళ్ళు పట్టుకోమనడం లేదు బావగారూ," అందామె. "టేపు పట్టుకోండి."

ఆయన నేల మీద కూర్చుని టేపు పట్టుకున్నారు.